తడవని గదిలో మిగిలిన స్వరాలు

1996 నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చిపెట్టిన రాత్రి, ముమ్మిడివరం దగ్గరి మా పెంకుటింటి మీద రెండు కొబ్బరిచెట్లు కూలాయి. పద్యనాటకాలకు ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించిన మా తాతయ్య, పద్యానికీ పద్యానికీ మధ్య తాను కట్టిన స్వరాలను రాసుకున్న నోటుపుస్తకం అటక మీది ట్రంకుపెట్టెలో ఉండేది. తెల్లవారి తీసి చూస్తే సిరా కారిపోయి, చదవడానికి వీలైనవి నాలుగు కాగితాలే మిగిలాయి.

ఇన్నేళ్లకు అది మళ్లీ తలపుకు రావడానికి కారణం అమెరికన్ స్వరకర్త ఫ్లోరెన్స్ ప్రైస్ కథ. 2009లో, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సెయింట్ ఆన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పాడుబడిన ఇంటిని కొన్న దంపతులు దానిని బాగుచేయించబోగా, చెట్టు పడి కప్పుకు పెద్ద కన్నం ఏర్పడిన ఆ ఇంట్లో, వాన తగలని ఒక మూల స్వరలిపి కాగితాలు కుప్పలుగా కనిపించాయి. అది ఒకప్పుడు ప్రైస్ వేసవి విడిది. చెట్టు అక్కడా పడింది, ఇక్కడా పడింది. వాన తగలని మూల మాత్రం మా ఇంట్లో లేకపోయింది.

1887లో లిటిల్ రాక్‌లో పుట్టిన ఈ నల్లజాతి స్వరకర్త రాసిన మొదటి సింఫనీని, అంటే పెద్ద వాద్యబృందం కోసం కూర్చిన దీర్ఘ రచనను, 1933లో షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. అంత పెద్ద వాద్యబృందం ఒక నల్లజాతి మహిళ సింఫనీని ప్రదర్శించడం అమెరికాలో అదే మొదలు. అయినా పదేళ్ల తరువాత, తాను స్త్రీననీ, తనలో నల్లజాతి రక్తముందనీ, ఆ రెండూ తనకు అడ్డంకులేననీ బోస్టన్ సింఫనీ సంచాలకుడు కుసెవిట్‌స్కీకి ఆమె ఉత్తరం రాసుకోవలసి వచ్చింది. 1953లో ఆమె పోయాక రచనల్లో చాలా భాగం మరుగున పడింది.

కాగితాలు దొరికినంత మాత్రాన సంగీతం దొరికినట్లు కాదు. బ్రిటిష్ పియానిస్టు, సంగీత పరిశోధకురాలు సమాంథా ఈజ్, ‘ఫాంటసీ నేగ్ర్’ అనే పేరుతో ప్రైస్ వరుసగా రాసిన పియానో రచనల్లో అసంపూర్ణమని అందరూ అనుకున్న మూడవదాని పుటలను, భాండాగారంలో విడిగా పడి ఉన్న మరికొన్ని పుటలతో జతపరచి చూసి, అవి రెండూ ఒకే రచన ముక్కలని గుర్తుపట్టింది. 2021లో ఆమె విడుదల చేసిన ప్రైస్ పియానో సంగీతపు ఆల్బంలో అది నిండుగా వినిపిస్తుంది. బేతోవెన్ సొనాటాను రికార్డు చేసే కళాకారుడికి తప్పొప్పులు సరిచూసుకోవడానికి పదుల రికార్డింగులు ఉంటాయి. ఇటువంటి రచన ముందు కూర్చున్న మనిషికి కాగితమూ తన చెవీ తప్ప వేరే ఆసరా ఉండదు. నా దృష్టిలో ఇదే ఎక్కువ కష్టమైన పని.

ఆ వరుసలో మొదటిదైన 1929 నాటి ఇ మైనర్ ఫాంటసీని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పియానో మెట్లన్నింటినీ కలియబెట్టే ఆర్భాటం కాస్త సద్దుమణిగాక, బానిసల కాలం నాటి ఒక భక్తిగీతపు వరుస తలెత్తుతుంది. పాపీ, ఈ కోతను చేయి జారనీయకు అని ఆ గీతం వేడుకోలు. సార్వా పంట కోతకొచ్చే నవంబరులో, ఆకాశం వంక చూస్తూ కొడవళ్లు నూరుకునే మా డెల్టా రైతుకు ఆ మాటను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈజ్‌ను చూసి నేనూ ఆ నాలుగు కాగితాలను ముందేసుకున్నాను. పాశ్చాత్య లిపిలో ఏ స్వరం ఎంతసేపు నిలవాలో, ఎక్కడ బిగ్గరగా ఎక్కడ మెత్తగా పలకాలో రాసి ఉంటుంది. తాతయ్య రాతలో ఉత్త స, రి, గ, మలే ఉన్నాయి. కాలం ఆయన చేతిలోనూ, తిత్తి నొక్కడంలోనూ ఉండిపోయింది. తిత్తి చిరుగుకు అతుకు వేసి, ఆయన హార్మోనియం పెట్టె మీదనే వాయించి చూశాను. స్వరాలు పలికాయి గానీ వరుస కుదరలేదు.

చివరికి, తాతయ్యతో కలిసి వేషం కట్టిన ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఎనభై దాటిన ఆయన వీధి అరుగు మీద కూర్చుని పద్యం ఎత్తుకున్నారు. రాగం కాస్త వణికినా ఒక్క అక్షరం పోలేదు. పాదం ముగిశాక ఆగి, తొడ మీద మెల్లగా నాలుగు దెబ్బలు వేసి, రెండో పాదం అందుకున్నారు. మధ్యలో ఆగారేమండీ అని అడిగాను.

“అక్కడ మీ తాతగారి హార్మణీ కదయ్యా,” అన్నారు.