తిరగబడ్డ గాలి

పొద్దున ఏడింటికే సైకిల్ మీద మా ప్రయోగం నడిచే పచ్చిక బయలు దగ్గరికి వెళ్లాను. నెదర్లాండ్స్‌లో ఎదురుగాలి ఎంతుందో ఏ పరికరమూ చెప్పక్కర్లేదు, తొడలే చెప్తాయి. నాకు కావాల్సింది మాత్రం అడ్డగాలి, అంటే దారికి అడ్డంగా పక్కనుంచి వీచేది, పైలట్లు క్రాస్‌విండ్ అనేది, అదీ కాంతితో కొలవాలి.

అందుకు వాడే మా సింటిలోమీటర్, అంటే కాంతి మిణుకుని కొలిచే పరికరం, చూడ్డానికి ఏమంత ఉండదు. పచ్చిక బయలుకి ఈ చివర మూడు మీటర్ల ఎత్తున ఒక పరారుణ దీపం, కంటికి కనబడదు. కిలోమీటరు అవతల రెండు రిసీవర్లు, 30 సెంటీమీటర్ల ఎడంతో. మే నెలలో రెంటచింతల తారురోడ్డు మీద అవతలి లారీ నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది చూడండి, ఆ వణుకే మాకు ముడిసరుకు. వేడి గాలి సుడుల్లోంచి వచ్చే కాంతి మిణుకుమంటుంది. గాలి వీస్తే ఆ సుడులు పెద్దగా రూపు మారకుండానే పక్కకి కొట్టుకుపోతాయని 1938లో టేలర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త అన్నాడు, దాన్ని నమ్ముకునే ఈ లెక్కంతా. ఒక రిసీవర్‌కి కనబడ్డ మిణుకు రెండోదానికి కాస్త ఆలస్యంగా కనబడుతుంది. దారి మధ్యలో రెండు కిరణాల ఎడం 15 సెంటీమీటర్లే కాబట్టి, గాలి సెకనుకి 3 మీటర్లుంటే ఆ ఆలస్యం సెకనులో ఇరవయ్యో వంతు.

అద్దాల మీద మంచు చుక్కలు తుడిచి, దీపాన్ని మరలతో వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పి సిగ్నల్ పట్టేసరికి తొమ్మిదయింది. పోల్చి చూడ్డానికి పాతిన స్తంభం మీది సోనిక్ ఎనిమోమీటర్, అంటే శబ్దంతో గాలిని కొలిచేది, పడమటి గాలి సెకనుకి 3.1 మీటర్లు అంటోంది. మాది 2.9, కానీ తూర్పు నుంచి! రెండు గంటలు ప్రోగ్రాంలో మైనస్ గుర్తుల వెంట పడ్డాను, టెన్షన్‌తో టీ కూడా తాగలేదు. చివరికి చూస్తే రిసీవర్ల కేబుళ్లు రెండూ తారుమారు. పెట్టింది నేనే. మా గైడ్‌కి చెప్తే నవ్వేసి, "అందరం ఒకసారి చేస్తాం" అన్నారు.

మధ్యాహ్నం పెరుగన్నం తింటుంటే అమ్మ ఫోన్. "గాలి ఎటు వీస్తుందో చెప్పడానికి ఇంత చదువా? గుప్పెడు దుమ్ము ఎగరేస్తే తెలీదట్రా?" తెలుస్తుందమ్మా, కానీ అది నువ్వు నిలబడ్డ చోటే. మాది కిలోమీటరు పొడవునా సగటు చెప్తుంది, మధ్యభాగానికి ఎక్కువ విలువిచ్చి. రన్‌వే మధ్యలో స్తంభం పాతనివ్వరు కదా, కిరణమైతే పక్కనుంచే పోతుంది. అంతా విని, "సరే, స్వెట్టర్ వేసుకో" అంది.

కేబుళ్లు సరిచేశాక సాయంత్రం దాకా స్క్రీన్ మీద సోనిక్ గీతా మా గీతా జంటగా నడిచాయి. పొద్దు వాలేముందు నేలా గాలీ ఒకే వేడికి వచ్చేసరికి మిణుకు దాదాపు ఆగిపోయింది. చెవుల్లో గాలి హోరుమంటూనే ఉంది, స్క్రీన్ మీద మాత్రం మా అంకె పిచ్చిపిచ్చిగా ఎగిరింది. ఆ అరగంట డేటాకి ఎర్ర గుర్తు పెట్టి, లాప్‌టాప్ మూసి, సైకిల్ తీశాను. తిరుగుదారిలోనూ ఎదురుగాలే.