డాల్బీ స్తంభాల నుంచి 105 ర్యాంప్ దాకా: లాస్ ఏంజెలెస్‌లో మ్యూజికల్స్ వెంట

హాలీవుడ్ మ్యూజికల్స్, అంటే పాటలూ డాన్సులతో కథ నడిపే సినిమాల, చరిత్ర వెతుక్కుంటూ లాస్ ఏంజెలెస్ వచ్చేవాళ్లని నేనైతే ఆస్కార్లు ఇచ్చే డాల్బీ థియేటర్ మెట్ల దగ్గర మొదలుపెట్టమంటాను. మెట్రో బి లైన్‌లో హాలీవుడ్/హైలాండ్ స్టేషన్‌లో దిగి పైకొస్తే పక్కనే. ఈ మెట్ల దాకా టికెట్ అక్కర్లేదు. అక్కడి స్తంభాల మీద ఏటేటా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమాల పేర్లుంటాయి, రాబోయే ఏళ్లకి ఖాళీ జాగా కూడా వదిలారు. ‘నాటు నాటు’ పేరు మాత్రం వెతక్కండి. 2023 మార్చి 12న కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్నది ఈ హాల్లోనే. కానీ అది పాటకి ఇచ్చింది, స్తంభం ఎక్కేది సినిమా ఒక్కటే.

పేర్లు తీరిగ్గా చదువుకుంటూ పోతే ఒక లెక్క తేలుతుంది. 1929కి ‘ది బ్రాడ్‌వే మెలొడీ’, ఉత్తమ చిత్రమైన మొదటి టాకీ. తర్వాత మ్యూజికల్స్ గెలిచినవి 1936, 1951, 1958లో. ఇక 1961, 1964, 1965, 1968: ఒక్క దశాబ్దంలో నాలుగు మ్యూజికల్స్. ఆ తర్వాత 2002లో ‘షికాగో’ దాకా, అంటే 34 ఏళ్లు, ఒక్కటీ లేదు. 2016 దగ్గర ‘మూన్‌లైట్’ అని ఉంటుంది. వేదిక మీద ముందు మ్యూజికల్ అయిన ‘లా లా ల్యాండ్’ అని ప్రకటించి, కాసేపటికి కాదన్నది ఆ ఏడాది అవార్డుకే.

ఆ 34 ఏళ్ల ఖాళీకి జనం అభిరుచి మారిందన్నది సగం జవాబే. మ్యూజికల్ ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు. ఆర్కెస్ట్రా, డాన్సర్లు, సెట్లు వేసేవాళ్లు, దర్జీలు, అందరూ నెల జీతం మీద ఒకే కాంపౌండులో ఉన్నప్పుడే అది గిట్టుబాటు. టీవీ వచ్చి, స్టూడియోలు కాంట్రాక్టులు వదిలేశాక ప్రతి సినిమాకీ మనుషుల్ని కొత్తగా కూడగట్టాల్సొచ్చింది. పైగా 1965లో ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ కురిపించిన డబ్బు చూసి ఫాక్స్ స్టూడియో వాళ్లు వరసగా ‘డాక్టర్ డూలిటిల్’, ‘స్టార్!’, ‘హలో, డాలీ!’ తీసి చేతులు కాల్చుకున్నారు.

పక్కనే ఉన్న చైనీస్ థియేటర్ ముంగిట్లో ఎక్కువసేపు అక్కర్లేదు. సిమెంటులో మ్యూజికల్స్ డాన్సు హీరోల చేతి, కాలి ముద్రలున్నాయి: ఫ్రెడ్ ఆస్టేర్‌వి 1938వి, జీన్ కెల్లీవి 1969వి, అప్పటికి ఆ యుగం అయిపోయింది. పొద్దున్నే వెళ్లండి. వేషాలు వేసుకున్నవాళ్లు నవ్వుతూ పక్కన నిలబడి ఫోటో దిగాక డబ్బులడుగుతారు.

అసలు సరుకంతా కల్వర్ సిటీలో ఉంది. మెట్రో ఇ లైన్ స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు నడిస్తే సోనీ స్టూడియో, ఒకప్పటి ఎంజీఎం సినిమా కంపెనీ. టూర్ దాదాపు రెండు గంటలు, అంతా నడకే. పనిరోజుల్లోనే ఉంటుంది కాబట్టి శని, ఆదివారాలు నమ్ముకుంటే గేటు చూసి తిరిగి రావడమే. ముందే బుక్ చేసుకోవాలి, ఫోటో ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఏ స్టేజీ తలుపు తెరుస్తారన్నది ఆ రోజు షూటింగుల్ని బట్టి ఉంటుంది. లోపల 94 అడుగుల ఇంద్రధనుస్సు నిలబెట్టారు. అందరూ దాని దగ్గరే ఫోన్లు తీస్తారు గానీ, నా దృష్టిలో అంతకంటే ముఖ్యం ఇప్పుడు బార్బ్రా స్ట్రైసాండ్ పేరుతో ఉన్న రికార్డింగ్ స్టేజీ. ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ సంగీతం రికార్డయింది అక్కడే.

పాట ముందు రికార్డు చేసి, తర్వాత దాన్ని మోగిస్తూ షూట్ చేసే పద్ధతి నిలదొక్కుకున్నదీ ఈ కంపెనీలోనే. ‘బ్రాడ్‌వే మెలొడీ’లో ఒక డాన్సు మళ్లీ తీయాల్సొస్తే, సౌండ్ విభాగం పెద్ద డగ్లస్ షియరర్, ఆర్కెస్ట్రాని మళ్లీ పిలిపించడం దేనికి, రికార్డయిన సౌండు బాగానే ఉంది కదా, దాన్నే మోగించి ఆడించండి అన్నాడు. హైదరాబాద్‌లో సాంగ్ షూటింగ్ చూసినవాళ్లకి మిగతాది చెప్పనక్కర్లేదు. ఒక చిక్కుంది: సెట్లో స్పీకరు మోగుతుంటే టాప్ డాన్సులో బూట్లు నేలకి తగిలే చప్పుడు పనికిరాదు. అందుకే డాన్సర్లు తర్వాత బొమ్మ చూస్తూ ఆ చప్పుడంతా మళ్లీ రికార్డు చేసేవాళ్లు. తేడా ఎక్కడంటే, మన దగ్గర సుశీల గారు పాడారని సగర్వంగా పేరు వేస్తారు. అక్కడ ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటాలీ వుడ్‌కీ, ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కీ పాడిన మార్నీ నిక్సన్ పేరు టైటిల్స్‌లో వేయలేదు.

1952 నాటి ‘సింగింగ్ ఇన్ ది రెయిన్’ వాన పాట తీసిన వీధి కోసం టూర్లో అడక్కండి. అది ఓవర్‌ల్యాండ్ అవెన్యూ అవతల రెండో బ్యాక్‌లాట్‌లో, అంటే ఆరుబయట సెట్లు వేసే స్థలంలో ఉండేది. పగటిపూట టార్పాలిన్లు కప్పి రాత్రి చేశారు, పైన పైపులు పరిచారు, కెల్లీ అడుగు పడే చోటల్లా లెక్కచూసి గుంటలు తవ్వి నీళ్లు నింపారు. వాన కనిపించడానికి నీళ్లలో పాలు కలిపారనేది కట్టుకథ. ఎదుటి నుంచి లైటు వేస్తే చినుకు కనపడదు, వెనక నుంచి వేస్తేనే అంచు మెరుస్తుంది. అదే చేశారు. కెల్లీకి ఆ రోజు 103 డిగ్రీల జ్వరం. సాయంత్రమయ్యేసరికి చుట్టుపక్కల ఇళ్లవాళ్లు లాన్లకి నీళ్లు వదలడంతో పైపుల్లో ప్రెషర్ పడిపోయి వాన సన్నబడేది. ఇప్పుడు ఆ స్థలంలోనే ఇళ్లు కట్టారు, లాన్లతో సహా. వీధులకి ఆస్టేర్, గార్లాండ్ పేర్లు పెట్టారు. అవి జనం కాపురముండే ఇళ్లు, బోర్డు చూసుకుని వచ్చేయడమే మర్యాద.

1970లో ఎంజీఎం సామానంతా వేలం వేసింది. ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’లో జూడీ గార్లాండ్ వేసుకున్న ఎర్ర బూట్ల జత ఒకటి 15,000 డాలర్లకి పోయింది. 2024 డిసెంబరులో మరో జత, దొంగలు ఎత్తుకెళ్లాక దొరికినది, ఫీజులతో కలిపి 3.25 కోట్ల డాలర్లు పలికింది. విల్షైర్, ఫెయిర్‌ఫాక్స్ కూడలిలోని అకాడమీ మ్యూజియంలో ఒక జత ఉంది. మంగళవారం సెలవు. దగ్గరికెళ్లి చూడండి, తళుకులు ముదురు ఎరుపు. పండు మిరప ఎరుపు వాడితే అప్పటి రంగుల సినిమా పద్ధతి టెక్నికలర్‌లో నారింజకి తిరిగేది. ఆ సినిమాకి ఆధారమైన పుస్తకంలో అవి వెండి బూట్లు, ఎరుపు చేసింది రంగుల కెమెరా కోసమే. లైటు మందంగా ఉందని సిబ్బందిని విసుక్కోకండి, ఎక్కువైతే తళుకుల రంగు వెలిసిపోతుంది.

గ్రిఫిత్ పార్కులో ‘లా లా ల్యాండ్’ జంట డాన్సు చేసిన మలుపు అబ్జర్వేటరీ దగ్గరే అనుకుంటారు. కాదు. అది మౌంట్ హాలీవుడ్ డ్రైవ్ మీది కాథీస్ కార్నర్. కార్లు వెళ్లవు, నడవాలి. బల్ల, దీపస్తంభం సినిమావాళ్లు తెచ్చి తీసుకెళ్లిపోయారు, కాబట్టి గుర్తు పట్టడానికి రోడ్డు వంపే ఆధారం. చీకటి పడకముందు దొరికే అరగంట వెలుతురులో కట్ లేకుండా తీశారు, ఇద్దరూ తల నుంచి పాదాల దాకా ఫ్రేములో ఉంటారు. పాదాలు కనపడాలని 1930ల్లోనే పట్టుబట్టినవాడు ఆస్టేర్. ఆ కొండ దిగువన బర్బాంక్‌లో, వార్నర్ స్టూడియోలో, అదే కాలంలో బస్బీ బర్క్‌లీ సరిగ్గా దీనికి విరుద్ధంగా కెమెరాని పైకెక్కించి అమ్మాయిల్ని ముగ్గులా పరిచాడు. 1930ల ఆర్థిక మాంద్యం నాటి ప్రేక్షకుడికి రెండూ నచ్చాయి, నా ఓటు మాత్రం పాదాలకే. సాయంత్రం వెళితే టార్చి తప్పనిసరి, తిరుగుదారిలో లైట్లుండవు.

‘లా లా ల్యాండ్’ మొదటి పాట తీసిన ర్యాంప్ 105, 110 ఫ్రీవేలని కలిపే ఎక్స్‌ప్రెస్ లేన్. ఆగడానికి వీల్లేదు, టోలు వసూలు కారులో పెట్టుకునే ఫాస్‌ట్రాక్ పరికరం ద్వారా. అద్దె కారులో వస్తుంటే అది ఉందో లేదో కౌంటర్ దగ్గరే అడగండి. లేకుండా ఎక్కితే బిల్లు మీ పేరునే రావచ్చు.