పెట్టె లెక్కన చెన్నై కూడా ఆంధ్రలోనే

ఆంధ్రప్రదేశ్ మ్యాపు చుట్టూ, పైన ఇచ్ఛాపురం, కింద కుప్పం పట్టేలా ఒక దీర్ఘచతురస్రం గీసి చూడండి. హైదరాబాద్, చెన్నై, బెంగళూరు మూడూ అందులోనే పడతాయి! రాజధాని గొడవలో ఈ ఉపాయం ఎవరికీ తట్టలేదు పాపం.

నా ఉద్యోగం ఇలాంటి పెట్టెలతోనే. భీమవరం వైపు రొయ్యల చెరువుల హద్దులు మా దగ్గరికి వస్తాయి. ఒక్కో చెరువు ఏ ఊరి పరిధిలో ఉందో తేల్చాలి. 'ఈ ఊళ్లో ఏయే చెరువులున్నాయి' అన్నది మామూలు వెతుకులాట. మాది దాన్ని తిరగేసిన ప్రశ్న: ఈ చెరువును మొత్తంగా తనలో ఇముడ్చుకున్న ఊరు ఏది?

ప్రతి ఊరి హద్దుతోనూ పోల్చుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. అందుకే ముందు పెట్టెలు చూస్తాం. ఊరి పెట్టె ఎడమ అంచు చెరువుకి ఎడమన, కుడి అంచు కుడిన, అలాగే పైనా కిందా. నాలుగూ కుదిరితేనే ఆ ఊరు లెక్కలోకి వస్తుంది. 1984లో గట్‌మన్ అనే పరిశోధకుడు చెప్పిన ఆర్-ట్రీ అనే చెట్టులాంటి అమరిక ఈ పెట్టెల్ని గుంపులు చేసి పెద్ద పెట్టెల్లో పెడుతుంది. పెద్ద పెట్టెలోనే చెరువు పట్టలేదంటే లోపలున్న ఊళ్లేవీ చూడక్కర్లేదు, కొమ్మంతా ఒక్క దెబ్బకి పోతుంది.

మిగిలిన నాలుగైదు ఊళ్ల దగ్గరే అసలు తంటా. చెరువు మూలలన్నీ ఊరి లోపలే ఉన్నాయని సంబరపడకూడదు. కాలువ మలుపు దగ్గర ఊరి హద్దు లోపలికి వంగితే, రెండు మూలల మధ్య గట్టు పక్క ఊళ్లోకి పోయి రావచ్చు. కాబట్టి గీతలు ఎక్కడైనా ఖండించుకుంటున్నాయేమో కూడా చూడాలి. రాష్ట్రం స్థాయిలో ఇంకో చిక్కు, యానాం. పుదుచ్చేరికి చెందిన ఆ ముక్క దగ్గర మ్యాపులో చిల్లు పెట్టకపోతే అక్కడి చెరువులు కూడా మన ఖాతాలో పడతాయి.

బోరు లాంటి ఒక్క బిందువు సరిగ్గా హద్దు మీద పడితే, మ్యాపు లెక్కలు చేసే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌జిఐఎస్‌లో 'కంటెయిన్స్' అనే పరీక్ష కాదంటుంది, 'కవర్స్' అవునంటుంది. బోర్లకి నేను రెండోదే వాడతాను.

రెండు ఊళ్ల మీద పరుచుకున్న చెరువుకి ఏ ఊరూ రాదు. ఆ గడి ఖాళీగా వదిలి మండలం పేరు నింపుతాం. 'ఎక్కువ భాగం ఎటుంటే ఆ ఊరు రాసేయండి' అంటారు మా మేనేజర్. అది విస్తీర్ణం లెక్క, ప్రశ్నే వేరు. దానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టి ఇచ్చాను.