రూట్ 66 మీద పాతరూపు కొత్త బండి

2006 వేసవిలో అమ్మానాన్నలు అమెరికా వచ్చినప్పుడు వారిని లాస్ ఏంజెలిస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కు తీసుకువెళ్ళాను. కాన్యన్ గురించి రాసినవారు ఎందరో ఉన్నారు కనుక అక్కడి సూర్యాస్తమయాన్ని నేను మళ్ళీ వర్ణించను. నేను రాయదలచినది మమ్మల్ని అక్కడికి చేర్చిన బండి గురించి. దారి పొడుగునా దాని మీద మా అభిప్రాయాలు చీలిపోయాయి, ఇంటికి వచ్చాక కూడా అవి కలవలేదు.

నేను అద్దెకు అడిగినది మామూలు మధ్యరకం సెడాన్. ఆ తరగతి కార్లు అయిపోయాయని, అదే అద్దెకు షెవర్లే హెచ్‌హెచ్‌ఆర్ ఇస్తామని కౌంటరులో చెప్పారు. అద్దె అదే అన్నారు గాని, విమానాశ్రయపు రుసుము, పన్నులు, బీమా కలుపుకుంటూ పోయేసరికి మొదట విన్న అంకెకూ చివర సంతకం పెట్టిన కాగితం మీది అంకెకూ పోలికే లేకపోయింది. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా ఉంటున్నా ఈ పద్ధతి నాకు మింగుడుపడదు. కాలిఫోర్నియాలో గ్యాలను పెట్రోలు మూడు డాలర్లు దాటిన వేసవి అది. కాబట్టి బయటికి వచ్చి బండిని చూసినప్పుడు నా మనసు అంత ప్రసన్నంగా లేదు.

బండి మాత్రం చూడగానే ఆకట్టుకుంది. ఉబ్బెత్తు మడ్‌గార్డులు, నిటారుగా నిలిచిన ముక్కు, దాని మీద అడ్డంగా మెరిసే క్రోమ్ పట్టీ, వెనుక ఇరువైపులా ఒకదాని కింద ఒకటిగా గుండ్రని దీపాలు, ఎత్తయిన కప్పు. 1949 నాటి షెవర్లే సబర్బన్ అనే పెద్ద కుటుంబ బండిని ఆదర్శంగా పెట్టుకుని చేసిన రూపం ఇది. పేరులోని మూడక్షరాలకు విస్తరణ కూడా ‘హెరిటేజ్ హై రూఫ్’ అనే. క్రైస్లర్ సంస్థలో ఉన్నప్పుడు పీటీ క్రూజర్ అనే ఇలాంటి పాతరూపు కారుకు రూపకల్పన చేసిన బ్రయన్ నెస్బిట్ ఆ తర్వాత షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్‌కు వచ్చి దీనికీ రూపమిచ్చారు. దారిలో మేము ఆగిన చోటల్లా ఎవరో ఒకరు దీన్ని పీటీ క్రూజరే అనుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఇది మన అంబాసిడరే కదరా” అన్నారు. ఆయన ఉద్యోగకాలమంతా ఆఫీసు అంబాసిడర్లలో తిరిగినవారు. 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు రూపాన్ని పెద్దగా మార్చకుండా, అంబాసిడర్ పేరుతో 2014 వరకు మన దేశంలో తయారుచేస్తూనే వచ్చారు. అమెరికాలో పాత రూపం ఒకప్పుడు పూర్తిగా పోయి, మళ్ళీ మోజుగా తిరిగివచ్చింది. మన దగ్గర అది అప్పటికి పోనే లేదు. అందుకే నాన్నకు ఈ బండిలో జ్ఞాపకాల కోసం చేసిన అలంకారం కనబడలేదు. తనకు బాగా అలవాటైన ఒక కారు కనబడింది, అంతే.

ఆయన ఎక్కి కూర్చున్న తీరు చూశాక ఆ మాటలోని అసలు సంగతి నాకు అర్థమయింది. మా సెడాన్‌లోకి దిగాలంటే నాన్న ముందు తల వంచి, తలుపు పట్టుకుని, కిందికి కూలబడతారు. లేవడం అంతకంటే కష్టం. ఈ బండి సీటు ఆయన నడుము ఎత్తులో ఉంది. పక్కకు తిరిగి కూర్చుని కాళ్ళు లోపలికి తీసుకోవడమే. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారిని దూరప్రయాణాలకు తిప్పే వారికి ఈ సౌకర్యం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. టోపీ పెట్టుకుని కారులో కూర్చునే కాలంలో పుట్టిన రూపం కనుక కప్పు కూడా తలకు చాలా ఎత్తున ఉంది. ఆ ఒక్క గుణం కోసమే నేను ఈ బండిని గౌరవిస్తాను.

కహోన్ కనుమ దాటి, బార్‌స్టో మీదుగా నీడిల్స్ వరకు చెప్పుకోదగిన విశేషమేమీ లేదు. ఎడారి ఎండలో ఏసీ తన పని తాను చేసింది. కొలరాడో నది దాటిన తర్వాత ఇంటర్‌స్టేట్ 40 అనే పెద్ద హైవేను వదిలి, ఓట్‌మన్ అనే చిన్న ఊరి వైపు, ఒకప్పటి జాతీయ రహదారి రూట్ 66 మీదికి మళ్ళించాను. పాతరూపు బండి చేతికి వచ్చింది కదా, పాత దారిలోనే నడుపుదామన్న ఉత్సాహం నాది. 1926లో ఏర్పడి 1985లో జాతీయ రహదారుల అధికారిక జాబితా నుంచి తొలగిపోయిన ఆ దారిలో ఈ కొండ భాగాన్ని 1950ల మొదట్లోనే పక్కన పెట్టేశారు.

ఓట్‌మన్‌లో ఒకప్పటి బంగారు గనుల కార్మికులు వదిలేసిన గాడిదల సంతతి ఇప్పటికీ వీధుల్లో తిరుగుతూ ఉంటుంది. ఒకటి నేరుగా వచ్చి నాన్న పక్కన అద్దానికి మూతి ఆనించింది. నాన్న అద్దం దించుదామని తలుపంతా తడిమారు. అక్కడ స్విచ్చు లేదు. మోచెయ్యి ఆనించే చోట వెతికారు, హ్యాండిల్ పక్కన వెతికారు. చివరికి నేను గేరు ముందర, రెండు సీట్ల మధ్య కిందుగా ఉన్న స్విచ్చు చూపించేలోపు గాడిద విసుగు చెంది వెళ్ళిపోయింది. “తలుపుకు ఉండవలసినది ఇక్కడెందుకు పెట్టారు?” అని నాన్న అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కూడా ఆయన చెయ్యి ప్రతిసారీ ముందు తలుపు మీదికే వెళ్ళేది.

అసలు కథ సిట్‌గ్రీవ్స్ కనుమలో మొదలయింది. సన్నని రోడ్డు, హెయిర్‌పిన్ వంపులు, చాలా చోట్ల అంచున అడ్డుగోడ కూడా ఉండదు. వెనుకటి కాలంలో పంపు లేక, ఇంజనుకు పెట్రోలు పైనుంచి తనంతట జారవలసిన కార్లు ఈ ఎత్తు ఎక్కలేకపోతే, వాటిని వెనక్కి తిప్పి రివర్సు గేరులో ఎక్కించేవారని చెబుతారు. మా బండిలోని 2.2 లీటర్ల, 143 అశ్వశక్తి ఇంజను కాస్త గొంతు పెంచినా ముగ్గురినీ సామానుతో సహా నిబ్బరంగానే ఎక్కించింది. ఎడమవైపు మలుపుల్లో మాత్రం ముందు అద్దం పక్కనున్న లావాటి స్తంభం రోడ్డును కప్పేస్తుంటే, నేను స్టీరింగ్ మీదికి వంగి తొంగి చూడవలసి వచ్చింది. ముందు అద్దం ఎత్తు తక్కువ. పక్క అద్దాలు ఇంకా తక్కువ.

వెనుక సీట్లో అమ్మ పొట్టి మనిషి. “లోయ లోయ అంటున్నారు, ఎక్కడరా? నాకు ఆకాశమే కనబడుతోంది” అంది. కిటికీ అంచు ఆమె భుజాల దాకా ఉంది. ఒక మలుపు దగ్గర ఆపి, శాలువను నాలుగు మడతలు వేసి ఆమె కింద పెట్టాను. అప్పుడు కొండల కొనలు కనబడ్డాయి గాని, మేము ఎక్కివచ్చిన దారి మెలికలు మాత్రం కనబడలేదు. ఎన్నో వేల మైళ్ళు ప్రయాణం చేసి వచ్చిన మనిషికి కారు తలుపు లోపలి ప్లాస్టిక్ చూపిస్తున్నానే అని నాకు నిజంగా బాధ కలిగింది. చూడటానికే వెళ్ళే దారిలో చూపుకు అడ్డుపడే బండి ఎంత అందంగా ఉంటే మాత్రం ఏం లాభం?

కింగ్‌మన్ దాటి, పీచ్ స్ప్రింగ్స్ మీదుగా సెలిగ్‌మన్ చేరాం. 1978లో ఇంటర్‌స్టేట్ పక్కనుంచి పోవడంతో వెలవెలబోయి, పాత దారి జ్ఞాపకాలతోనే మళ్ళీ నిలదొక్కుకున్న ఊరు అది. పెట్రోలు బంకు దగ్గర ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటారు, మా బండిని కాసేపు దూరం నుంచి చూసి, తర్వాత దగ్గరికి వచ్చి, వెనుక తలుపు తీయమని మర్యాదగా అడిగారు. తీశాను. ఆయన క్రోమ్ వైపు చూడనే లేదు. డిక్కీ అంచు మీద అరచెయ్యి ఆనించి ఎత్తు చూసుకున్నారు. సీటు వెనుక పట్టీ లాగి మడవమన్నారు. వెనుక సీట్లతో పాటు ముందు పక్క సీటు కూడా చదునుగా పడుకోవడం చూసి తల పంకించారు. “నిచ్చెన పడుతుంది” అన్నారు. ఆ మాటలో పూర్తి ఆమోదం ఉంది.

వాళ్ళ నాన్నగారికి 1949 సబర్బన్ ఉండేదట. పగలు పశువుల దాణా మోసి, ఆదివారం కుటుంబాన్ని చర్చికి తీసుకువెళ్ళేదట. అది ట్రక్కు చట్రం మీద నిలిచిన బండి, ఆరు సిలిండర్ల ఇంజను, దాదాపు 90 అశ్వశక్తి, మూడు వరుసల సీట్లలో ఎనిమిది మంది. తలుపులు రెండే కావడంతో వెనుకవాళ్ళు ముందు సీటు మడిచి దూరి వెళ్ళవలసిందే. “ఇందులో మూడో వరుస ఎక్కడ?” అని అడిగారు. లేదన్నాను. ఆయన పక్క అద్దాన్ని వేలితో తట్టి, “మా బండిలో ఇది ఇంత చిన్నది కాదు. వెనుక సీటు మీద మోకాళ్ళు వేసుకుని మేము ఊరంతా చూసేవాళ్ళం” అన్నారు.

ఆ మాటతో నాకు రోజంతా అందని సంగతి స్పష్టమయింది. పాత సబర్బన్‌కు వెనుక పక్కల పొడవాటి అద్దాలు ఉండేవి. ఈ కొత్త బండి దాని ముక్కును, మడ్‌గార్డులను, ఎత్తును తీసుకుంది గాని, కిటికీలను తీసుకోలేదు. కప్పు కోసి కిందికి దించి, అద్దాలను సన్నని చీలికలుగా మిగిల్చే హాట్‌రాడ్ (పాత కార్లను మార్చి నడిపే) కుర్రవాళ్ళ ముచ్చటను, అప్పట్లో క్రైస్లర్ 300 లాంటి కార్లలో కనబడిన, తలుపులు ఎత్తుగా, అద్దాలు చిన్నగా ఉండే ఫ్యాషన్‌ను తెచ్చి దానికి అతికించారు. మమ్మల్ని ఇబ్బంది పెట్టినది పాతదనం కానే కాదు. పాతదని పిలుస్తూ కలిపిన కొత్తదనం.

2011 వరకు తయారైన ఈ బండి ధర అప్పట్లో దాదాపు 16 వేల డాలర్ల నుంచి మొదలయ్యేది. హైవే మీద సాఫీగా పోతుంది, సామాను మింగుతుంది, పెద్దవాళ్ళు సులువుగా ఎక్కి దిగుతారు. నాన్న ఆ తర్వాత కూడా దీన్నే కొనమనేవారు. ముందు సీట్లో కూర్చుని చూసిన మనిషి ఆయన. అమ్మ మాత్రం వద్దనేది, నా ఓటూ అమ్మకే. పెద్దవాళ్ళను తీసుకుని ఇలాంటి దారుల్లో తిరగదలచినవారు షోరూములో స్టీరింగ్ ముందు కూర్చుని మురిసిపోకుండా, ఇంట్లో అందరికంటే పొట్టి మనిషిని వెనుక సీట్లో కూర్చోబెట్టి, కిటికీలోంచి ఏమి కనబడుతోందో అడిగి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.