నల్ల పట్టా

పన్నెండు కావస్తోంది. అమ్మ పడుకుంది. ఇది రాయకుండా పడుకుంటే తెల్లవార్లూ తొలిచేస్తుందని కూర్చున్నాను.

విషయం చిన్నదే. బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పాత గోనెపట్టా చివికిపోయింది. అమ్మ కాలు ఎక్కడ జారుతుందోనని కొత్తది తెమ్మని నేనే అన్నాను. ఈయన నిన్న తెచ్చారు. మెత్తగా ఉంది, అడుగున రబ్బరు. మురికి కనపడదని నలుపు తీసుకున్నారు. పొద్దున అమ్మ స్నానానికి బయల్దేరి ఆ గుమ్మం ముందు ఆగిపోయింది. ఓ చేత్తో తలుపు చెక్క పట్టుకుని కుడి కాలు ముందుకు చాపడం, వెనక్కి తీసుకోవడం, మళ్ళీ చాపడం. నేను పొయ్యి మీద పోపు పెట్టి ఉన్నాను. "అడుగెయ్యమ్మా" అన్నాను. వెయ్యలేదు. రెండోసారి గట్టిగా అన్నాను. మూడోసారి అరిచాను.

"గొయ్యి ఉందే అక్కడ. నీకు కనపట్లేదా?" అంది.

నా మీద కోపంగా అనలేదు. నేను అందులో పడతానేమోనన్న గాభరాతో అంది. పట్టా తీసి దొడ్లోకి విసిరేశాక, అదే తెల్ల టైలు మీద మామూలుగా నడిచి లోపలికి వెళ్ళిపోయింది. పోపు మాడింది. నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

ఈ సంగతి మెదడు డాక్టరుగారు రెండు నెలల కిందటే చెప్పారు. లేత రంగు నేల మీద ముదురు రంగు గుడ్డ పరిస్తే గొయ్యిలా కనిపించొచ్చు, మెరిసే గచ్చు తడిగా అనిపించొచ్చు, మెట్టు అంచు ఎక్కడుందో తెలియకపోవచ్చు అని. తల ఊపి వచ్చాను. తీరా వేళకి ఒక్క ముక్క గుర్తు రాలేదు, అరవడం మాత్రం వచ్చింది.

అసలు ఆ డాక్టరు దాకా రావడానికే ఏడాది పట్టింది. నా కడుపుమంట అంతా ఆ ఏడాది గురించే. కిందటి ఉగాది నుంచి మూడు కళ్ళజోళ్ళు మార్చాం. ప్రతిసారీ అదే తంతు. "నంబరు మారిందండీ" అనడం, ఫ్రేము చూపించడం, బిల్లు రాయడం. శుక్లాల ఆపరేషన్ ముందే అయింది. కంటి వెనక పొర బాగుంది, ప్రెషరు బాగుంది. గోడ మీది అక్షరాలు చిట్టచివరి వరస దాకా చదివేసింది. "ఇంకేం కావాలమ్మా, పాతికేళ్ళ పిల్ల కళ్ళు" అన్నాడు కళ్ళజోళ్ళాయన. ఆ పాతికేళ్ళ కళ్ళావిడ ఇంటికొచ్చి, గరిటెల డబ్బాలో అట్లకాడ వెతుకుతూ నిలబడిపోయింది. అట్లకాడ ఆ డబ్బాలోనే, కళ్ళెదురుగానే ఉంది. చెయ్యి దాన్ని తగిలింది కూడా.

తర్వాత తెలిసింది, అక్షరాల పలక మీద ఒక్కో అక్షరం విడిగా, చుట్టూ తెల్లగా ఖాళీతో ఉంటుందట. అందుకే చదవగలదు. పదిహేను స్టీలు సామాన్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నప్పుడు ఏది ఎక్కడ ముగుస్తుందో విడదీయాల్సింది మెదడు. కన్ను పంపిన బొమ్మ తల వెనక భాగానికి చేరాక పని రెండు దారులుగా సాగుతుందని చెప్పారు. ఒకటి అది ఏమిటో పోల్చుకోవడానికి, రెండోది ఎక్కడుందో, ఎంత దూరమో తేల్చడానికి. అమ్మకి ఈ రెండోదే ముందు తడబడుతోందట. దానికి అద్దం ఎన్నిసార్లు మారిస్తే ఏం లాభం?

ఇక మా వాళ్ళ సంగతి. మతిమరుపంటే పేర్లు మర్చిపోవడమేనని అందరి లెక్క. మా మేనత్త వచ్చినప్పుడల్లా కుర్చీ దగ్గరికి లాక్కుని "నేనెవర్నో చెప్పు వదినా" అంటుంది. అమ్మ పేరూ చెబుతుంది, ఆవిడ పెళ్ళిలో తక్కువొచ్చిన లడ్డూల లెక్కా చెబుతుంది. "ఇంత బాగుంటే డిమెన్షియా ఏమిటే, డాక్టర్లు ఏదో ఒకటి అంటారు" అని నాకు చివాట్లు. తమ్ముడైతే వీడియో కాల్‌లో చేతికందినవన్నీ ఫోన్ ముందు పెట్టి "అమ్మా, ఇదేంటో చెప్పు" అని అడుగుతాడు. ఆ చిన్న తెరలో, వెనకాల వాడి వంటగది అంతా కనపడుతుంటే, ఆ చేతిలో ఉన్నది టార్చిలైటని నేనే పోల్చుకోలేకపోయాను. అమ్మ మాట్లాడదు. నాకేసి చూస్తుంది. "అక్కా, కళ్ళజోడు ఒకసారి మార్పించు" అంటాడు. నాలుగోది! ప్రేమ లేక కాదు, తెలుసు. అయినా పొద్దస్తమానం ఎవరో ఒకరు పరీక్ష పెడుతుంటే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఒక్కరూ అనుకోరు.

పరీక్ష అంటే అసలు పరీక్ష ఆసుపత్రిలో జరిగింది. తెల్ల కాగితం ఇచ్చి గడియారం వేసి అంకెలు పెట్టమన్నారు, పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నారు. అమ్మ గుండ్రంగానే గీసింది. పన్నెండు అంకెలూ వేసింది, ఒక్కటీ తప్పు లేదు, కానీ అన్నీ కుడివైపే కుక్కింది. ఎడమ సగం ఖాళీ. ఒక పెట్టె బొమ్మ చూసి గీయమంటే గీతలు గీసింది, మూలలు కలవలేదు. పెన్సిలు కింద పెట్టి "రావట్లేదండీ" అంది. మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అని రాశారు, అంటే గ్రహింపు వయసుకి మించి కొంచెం తగ్గడం, డిమెన్షియా దాకా ఇంకా పోకపోవడం. ఇది ఇలాగే ఆగొచ్చు, ముదరొచ్చు, చూస్తూ ఉండాలి అన్నారు. లేని మనుషులు, పిల్లలు ఎవరైనా కనపడుతున్నారా అని కూడా అడిగారు. లేదంది. అది లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. మతిమరుపు జబ్బు ఆల్జైమర్స్‌లో, చూపుతో పోల్చుకునే శక్తే ముందుగా, బాగా దెబ్బతినే రకం ఒకటుందట. ఇంగ్లిష్ రచయిత టెర్రీ ప్రాచెట్ తనకి అదే వచ్చిందని 2007లో అందరికీ చెప్పాడని తర్వాత చదివాను. అమ్మది అంతదూరం లేదన్నారు, ఇప్పటికి.

ఆ కలవని మూలలు చూస్తుంటే నాకు ముగ్గు గుర్తొచ్చింది. మా వీధిలో అమ్మ ముగ్గంటే ముగ్గే. 1986లో, నాకు తొమ్మిదేళ్ళు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి తెల్లవారుజామున నాలుగింటికే లేచేది. కరెంటు పోయినా లాంతరు తెచ్చుకునేది కాదు. పేడనీళ్ళు చల్లిన తడి నేల మీద, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టుకుని, పదిహేను చుక్కలు, సందుచుక్క ఎనిమిది దాకా. ఏ చుక్కకి ఆ చుక్క జానెడు దూరం, వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. తర్వాత మెలిక. పిండి వేళ్ళ సందు నుంచి జారే చప్పుడు వినిపించేది, అంత నిశ్శబ్దంగా ఉండేది వీధి. ఒక్కో చుక్క చుట్టూ తిరిగి, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగేది. నేను గొబ్బెమ్మల పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడి, ఈసారి కలవదేమో, ఈసారి తప్పుతుందేమో అని చూసేదాన్ని. తెల్లవారాక చూస్తే గుమ్మం ముందంతా వల అల్లినట్టుండేది. కనుమ మర్నాడు రథం ముగ్గు వేసి దాని తాడు పక్కింటి ముగ్గు దాకా లాగేది. పక్కింటివాళ్ళతో మాటల్లేని ఏడాది కూడా తాడు మానలేదు.

ఇక్కడిదాకా రాసి వెనక్కి వెళ్ళి చదివాను. కళ్ళజోళ్ళాయన్నీ మేనత్తనీ తమ్ముణ్ణీ అందరినీ నిలదీశాను. నా సంగతి ఒక్కటి రాయలేదు. రాస్తాను.

ఈ భోగి నాడు అమ్మ ముగ్గు వేసింది. చుక్కలు పెట్టింది, వరసలు కొంచెం వంకరపోయాయి. మెలిక సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ గీత ఒక చుక్కని వదిలేసి బయటికి పోయి, మళ్ళీ లోపలికి వచ్చే దారి దొరక్క గుమ్మం మెట్టు దాకా పోయింది. అమ్మ నడుం పట్టుకుని చాలాసేపు దానికేసే చూసింది. మోకాళ్ళు నొప్పులంది. నేను లోపలికి పంపేసి, పక్కింటివాళ్ళు లేచేలోపు చీపురుతో తుడిచి, చిన్న పద్మం వేసేశాను. ఎవరికీ చెప్పలేదు, ఈయనకి కూడా. అంటే నాకు జనవరిలోనే తెలుసు. తెలిసి కూడా మర్నాడు కళ్ళజోడు కొట్టుకి తీసుకెళ్ళింది నేనే. ఇంక తమ్ముణ్ణి ఏమనను?

తుడవకుండా ఉండాల్సింది. తుడుస్తుంటే అమ్మ కిటికీలోంచి చూసిందేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. ఆ రోజు తర్వాత ముగ్గుడబ్బా ముట్టుకోలేదు.

మధ్యాహ్నం సంగతి కూడా రాసి ముగిస్తాను. కొన్నాళ్ళుగా అమ్మ పప్పన్నం తిని, పెరుగన్నం సగం వదిలేస్తోంది. ఆకలి మందగించిందనుకున్నాను. నిన్నయితే పెరుగన్నం ముందు పెట్టుకునే "పెరుగు వెయ్యలేదేమే" అంది. ఇవాళ వడ్డించబోతూ, పొద్దుటి పట్టా బుర్రలో తిరుగుతుంటే అప్పుడు వెలిగింది. పళ్ళెం తెల్లటి పింగాణీ, అందులో తెల్లటి అన్నం, తెల్లటి పెరుగు. బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2004లో కొద్దిమంది ఆల్జైమర్స్ రోగులకి తెల్ల పళ్ళేలు తీసేసి ముదురు ఎరుపువి పెట్టి చూస్తే, తిండి సుమారు పావు వంతు పెరిగిందట. ఎర్ర పళ్ళెం మా ఇంట్లో ఎక్కడిది? దొడ్లోకి వెళ్ళి అరిటాకు కోసుకొచ్చాను.

పచ్చటి ఆకు మీద పెరుగన్నం, పక్కన మాగాయ ముక్క. అమ్మ ఒక్క మెతుకు వదల్లేదు. అంచుల్లోకి జారిన పెరుగు వేలితో దగ్గరికి లాక్కుని, "ఇవాళ బాగా తోడుకుందే" అంది. పాలు రోజూ వచ్చేవే, తోడూ అదే. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు కుళాయి తిప్పి నిలబడ్డాను.

దొడ్లో చెట్టుకి మొన్నటి గాలికి చిరగని ఆకులు రెండే మిగిలాయి. రేపు రైతుబజారుకి వెళ్ళే ముందు ఈయనకి కాగితం మీద రాసివ్వాలి: అరిటాకులు ఒక కట్ట, ముగ్గుపిండి రెండు కిలోలు, గుమ్మానికి పట్టా, లేత రంగుది.