బెల్లు లేని హాస్టల్

ఇంటర్ రెండేళ్లూ విజయవాడలో రెసిడెన్షియల్ కళాశాలలో చదివాను కాబట్టి హాస్టల్ అంటే నాకు తెలియనిది లేదనుకున్నాను. తెల్లవారి అయిదింటికి బెల్లు, అయిదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు లైట్లు బంద్. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఏ పుస్తకంలో ఏ పేజీ తీయాలో ఎవరో ఒకరు చెబుతూనే ఉండేవారు. ఆదివారం ఇంటికి ఫోను చేసుకోవాలన్నా వరుసలో నిలబడాల్సిందే. అంతటి చోట నెట్టుకొచ్చినవాడికి ఇంజినీరింగ్ హాస్టల్ ఒక లెక్కా అనే ధీమాతో 2022లో విశాఖపట్నం రైలెక్కాను. మొదటి సెమిస్టర్‌లో నన్ను దెబ్బతీసింది ఆ ధీమాయే.

అసలు కథ అంతకు ముందే, సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ దగ్గర మొదలైంది. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. నాన్న మిరప వేస్తారు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చాక ఏం చేయాలో చెప్పగలిగేవాళ్లు మా ఇంట్లో లేరు. ప్రాసెసింగ్ ఫీజు 1200 రూపాయలు కట్టడం, ఫారాలు నింపడం నెట్ సెంటర్ అతనే చూసుకున్నాడు. ధ్రువపత్రాల పరిశీలనలో మాత్రం చిక్కుకుపోయాను. స్థానికత తేల్చడానికి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నేను ఆరు, ఏడు చదివిన ప్రైవేటు బడి మూతపడి నాలుగేళ్లయింది. దాని రికార్డులు మండల విద్యాధికారి కార్యాలయానికి చేరాయని తెలుసుకుని, మూడుసార్లు తిరిగి తెచ్చుకునేసరికి వారం గడిచిపోయింది. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా కూర్చున్న వేసవిలోనే ఆ పని చేసి ఉంటే ఒక్క పూటలో అయ్యేది. ఆదాయ ధ్రువపత్రం సంగతీ అంతే.

వెబ్ ఆప్షన్ల దగ్గర, అంటే కావాల్సిన కాలేజీలను, బ్రాంచీలను వరుసగా ఎంచుకునే చోట, చేసిన పొరపాటు ఇంకా పెద్దది. ‘ఎక్కువ పెడితే ఎక్కడో దూరంగా పడేస్తారురా’ అని మా పెదనాన్న అంటే నమ్మి పద్నాలుగు ఆప్షన్లతో ఆపేశాను. ఆ కంప్యూటర్‌కు ఎవరినీ ఎక్కడా పడేయాలన్న కోరిక ఉండదు. ర్యాంకు ప్రకారం ఒక్కొక్కరి జాబితా తీసుకుంటుంది. పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. ఆ విద్యార్థి కోటాలో సీటు ఖాళీగా ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగుతుంది. కింద వంద రాసినా పైన ఉన్నవాటికి వచ్చే నష్టం ఏమీ లేదు. చచ్చినా చేరను అనుకున్నది రాయకుంటే చాలు. నా పద్నాలుగింటిలోనూ కిందటేడు సీట్లు ఎక్కడ ఆగిపోయాయో చూస్తే, పదకొండు నా ర్యాంకుకు అందనే అందవు. చూడలేదు. మొదటి విడతలో సీటు రాలేదు.

రెండో విడతలో అరవై రెండు పెట్టాను. విశాఖ వచ్చింది. అంత దూరం వెళ్లినా నేను స్థానికుణ్ణే. అప్పటి లెక్కలో శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతమంతా ఒకటే, అందులో 85 శాతం సీట్లు ఆ ప్రాంతం వాళ్లవే. సీటైతే వచ్చింది కానీ నేను చేరేసరికి తరగతులు మొదలై మూడు వారాలైంది. మంచి గదులన్నీ నిండిపోయాయి. నాకు మిగిలింది రెండో అంతస్తులో స్నానాల గదుల పక్కన ముగ్గురి గది, అందులో తలుపు వైపు మంచం. రాత్రి ఎవరు ఎన్నిసార్లు లేచారో నాకు తెలిసేది.

చేరిన రోజు ఆఫీసులో టీసీ ఒరిజినల్ తీసుకున్నారు. ఇచ్చేముందు పది జిరాక్సులు తీయించుకోమని వరుసలో నా ముందున్న ఒక తండ్రి చెప్పాడు. ఆయనెవరో తెలియదు గాని ఆ పదీ ఖర్చయ్యాయి. ఇంటి నుంచి నేను మోసుకొచ్చినవాటిలో బకెట్, మగ్గు శుద్ధ దండగ. సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఆ బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని వచ్చాను. అదే బకెట్ పూర్ణా మార్కెట్‌లో ఇంకా తక్కువకే దొరికింది. నాన్న ఇచ్చిన ఇనుప ట్రంకు పెట్టె పనికొచ్చింది గాని సముద్రపు గాలికి రెండో ఏడు వచ్చేసరికి అంచులు తుప్పుపట్టాయి. కాగితాలు ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది. తేవాల్సింది, నేను తేనిది, మంచి తాళంకప్ప. రెండు తాళంచెవులుండాలి, ఒకటి రూమ్మేట్ దగ్గర ఉండాలి.

అమ్మ పెట్టిన కారప్పొడి డబ్బా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా పల్నాటి కారం చూసి శ్రీకాకుళం రూమ్మేట్ ‘ఇది తినేదా, పొలానికి కొట్టేదా?’ అన్నాడు. వారం తిరక్కుండా సగం డబ్బా అతనే ఖాళీ చేశాడు. మాటల కంటే ముందు మమ్మల్ని కలిపింది ఆ డబ్బాయే.

ఇక బెల్లు సంగతి. మొదటి సోమవారం కళ్లు తెరిచేసరికి తొమ్మిదీ నలభై. గదిలో ఎవరూ లేరు. ఎందుకు లేపలేదని సాయంత్రం అడిగితే, ‘నీకు క్లాసుందో లేదో నాకేం తెలుసు?’ అన్నాడు శ్రీకాకుళం అబ్బాయి. కోపం వచ్చింది. కానీ అతనిది సివిల్, నాది ఎలక్ట్రికల్. అతనన్న దాంట్లో తప్పేమీ లేదు. వార్డెన్ సార్ రాత్రి తొమ్మిదిన్నరకు హాజరు తీసుకుని వెళ్లిపోయేవారు. ఆ తర్వాత చదువుతున్నామా, పడుకున్నామా, ఫోనులో మునిగామా అన్నది ఎవరికీ పట్టదు. రెండేళ్లుగా నా చదువును బెల్లే చదివిందని నాకు నెమ్మదిగా అర్థమైంది. బెల్లు కొడితే కూర్చోవడమే నాకు వచ్చు. కూర్చోవాలని నాకై నాకు అనిపించడం అలవాటు లేదు.

మొదటి నెల చివర హాజరు పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టారు. చేరిన రోజు నుంచే లెక్కేసినా నాది 58 శాతం. 75 ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. 65కూ 75కూ మధ్య ఉన్నవాళ్లు అనారోగ్యం వంటి కారణం చూపించి, రుసుము కట్టి మినహాయింపు అడగవచ్చు. అంతకంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. ఇదంతా చేరిన రోజే ఇచ్చిన నిబంధనల పుస్తకంలో ఉంది. నేను దాన్ని కారప్పొడి డబ్బా కింద వేశాను.

ఫోనులో మూడు అలారాలు పెట్టి చూశాను. మూడింటినీ నిద్రలోనే ఆపేసేవాణ్ణి. చివరికి నన్ను లేపింది ఇడ్లీ. మా మెస్‌లో టిఫిన్ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు. ఎనిమిదీ పావు దాటితే పల్లీ చట్నీలో నీళ్లు పెరుగుతాయి. ఎవరు ముందు వెళితే వాళ్లు రెండో అతనికి ప్లేటు తీసి ఉంచాలని, ఎనిమిదింటికల్లా రాకపోతే ఆ ప్లేటు కూడా తినేయవచ్చని శ్రీకాకుళం అబ్బాయితో ఒప్పందం చేసుకున్నాను. అతను రెండు రోజులు నా ఇడ్లీలు నా కళ్లముందే తిన్నాడు. మూడో రోజు నుంచి నేనే ముందు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా గదిలో ఉండకూడదని కూడా పెట్టుకున్నాను. గదిలో మంచం ఉంటుంది, అదే శత్రువు.

అప్పటికే మొదటి మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష, పోయింది. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో ఇంటర్నల్ 30కి 9. మొత్తం మీద 40 వస్తేనే పాస్, కాబట్టి రెండో మిడ్ కూడా అలాగే పోతే చివరి పరీక్షలో 70కి 31 తెచ్చుకోవాలి. ఎంపీసీలో లెక్కలు బాగానే చేసిన నాకు డ్రాయింగ్ ఎందుకు రాలేదంటే, తెలియక కాదు, చేతి చెమట వల్ల. విశాఖ ఉక్కపోతలో మణికట్టు షీటుకు అంటుకునేది. గీతలు గీసే పరికరం డ్రాఫ్టర్‌ను జరిపిన ప్రతిసారీ గీసిన గీత నల్లగా పాకేది. చెరిపితే కాగితం పైపొర లేచిపోయేది. మా గదిలో మూడో అబ్బాయి తండ్రి వడ్రంగి. అతను నా అవస్థ చూసి మణికట్టు కింద చేతిరుమాలు పరిచాడు, పెన్సిల్‌ను వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ గీయమన్నాడు. అలా తిప్పితే మొన ఒకవైపే అరగదు, గీత మొదలు నుంచి చివర దాకా ఒకే మందంలో వస్తుంది. పై నుంచి కిందికి గీసుకుంటూ రమ్మన్నాడు, అప్పుడు చేయి గీసిన చోట పడదు. అంతే. ఆ సాయంత్రం నేర్చుకున్నదానితోనే ఆ సబ్జెక్టు గట్టెక్కాను.

ర్యాగింగ్ గురించి ఇంట్లో భయపడ్డంత జరగలేదు. కానీ ఏమీ జరగలేదని చెప్పను. ఒక సీనియర్ నా చేతిరాత చూసి, తన ల్యాబ్ రికార్డు రాసిపెట్టమన్నాడు. మర్యాదగానే అడిగాడు. మూడు ప్రయోగాలు రాసిచ్చాను కూడా. చేరేటప్పుడు మనమూ, తల్లిదండ్రులూ ర్యాగింగ్ చేయబోమని ప్రమాణపత్రం ఇస్తాం కదా, దాన్ని అందరిలాగే చదవకుండా సంతకం పెట్టాను. తర్వాత డబ్బా కింది పుస్తకం బయటికి తీసినప్పుడు చూశాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల ప్రకారం తన చదువు పని జూనియర్‌తో చేయించుకోవడం కూడా ర్యాగింగే. దాని కింద జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 కూడా ఉంది. ఫోను చేయాల్సిన అవసరం పడలేదు. ‘అన్నా, నా షీట్లే పూర్తి కాలేదు, డ్రాయింగ్‌లో తొమ్మిది మార్కులొచ్చాయి’ అన్నాను. ఆయన నవ్వి రికార్డు తీసుకెళ్లిపోయాడు. నవ్వకుండా ఇంకేదైనా చేసి ఉంటే వార్డెన్ దగ్గరికి వెళ్లేవాణ్ణి. రాసేముందే ఆ మాట అనాల్సింది.

అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది మెస్ బిల్లు. మాది డివైడింగ్ మెస్. అంటే నెలకు ఇంత అని స్థిరమైన మొత్తం ఉండదు. నెలంతా అయిన ఖర్చును, ఒక్కొక్కరూ భోజనం చేసిన రోజులన్నీ కూడితే వచ్చిన మొత్తంతో భాగిస్తారు. వచ్చిన దాన్ని ఎవరి రోజులతో వాళ్లకు హెచ్చిస్తారు. ఇంటికి వెళ్లేవాళ్లు మూడు రోజుల ముందు మెస్ కట్ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. పెట్టకపోతే మనం అక్కడే తింటున్నట్టు లెక్క.

ఆ సంక్రాంతికి తొమ్మిది రోజులు ఇంటికి వెళ్లాను. రిజర్వేషన్ అప్పట్లో 120 రోజుల ముందు తెరిచేవారు, ఇప్పుడు 60. నేను హాస్టల్లో చేరేనాటికే సంక్రాంతి సీట్లు అయిపోయాయి. జనరల్ బోగీలో రాజమండ్రి దాకా నిలబడి వెళ్లాను. అరిసెలతో తిరిగొచ్చాక జనవరి బిల్లు అంటించారు. మొత్తం ఖర్చు 3,34,400, భోజనం చేసిన రోజులు 3,040, రోజుకు 110. నా పేరుకు ఎదురుగా 31 రోజులు, 3,410 రూపాయలు. అందులో తొమ్మిది రోజులు, అంటే 990 రూపాయలు, నేను నరసరావుపేటలో ఉండగా విశాఖలో తిన్న అన్నానికి. మెస్ సెక్రటరీ దగ్గరికి వెళ్లి గొడవపడ్డాను. ఆయన రిజిస్టర్ తెరిచి నా సంతకం ఉండాల్సిన చోటు చూపించాడు. ఆ పేజీలో నా గదిలోని మిగతా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. వాళ్ల మీద మళ్లీ కోపం వచ్చింది, మళ్లీ వాళ్ల తప్పు లేదు.

ఆ కోపంతోనే తర్వాతి నెల మెస్ కమిటీలో చేరాను. తెల్లవారి సరుకు తూకం వేయించడం, ఎన్ని సిలిండర్లు అయ్యాయో రాయడం, బియ్యం బస్తాలు లెక్కపెట్టడం. అయిదింటికే లేవాల్సి వచ్చేది. బెల్లు లేకుండానే లేచేవాణ్ణి.

ఇప్పుడు చివరి ఏడాదిలో ఉన్నాను. మొన్న రెండో విడతలో సీటు వచ్చిన అబ్బాయి ఒకడు ఒంగోలు నుంచి వచ్చాడు, చేతిలో బకెట్. అతనికి దొరికింది ఒకప్పటి నా గదే, తలుపు వైపు మంచమే. సామాను దించి, ‘అన్నా, ఇక్కడ పొద్దున బెల్లు ఎన్నింటికి కొడతారు?’ అని అడిగాడు. మెస్ ఏ వైపు ఉందో చూపించి, చట్నీ సంగతి చెప్పాను.