తిరుపతి పెరట్లో ఏళ్ల తరబడి పూసే డైసీలు

మన దగ్గర డైసీ మొక్కలను చంపేది మే నెల ఎండ అని చాలామంది అనుకుంటారు. ఎక్కువ మొక్కలు పోయేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టి, మొక్క మొదలు దగ్గర నీళ్లు నిలిచి, వేరు కుళ్లి పోతాయి. అందుకే ఏ రకం తెచ్చినా ముందు మడి ఎత్తు చూసుకోవాలి.

నర్సరీలో తెల్ల రేకులు, పసుపుపచ్చ బొడ్డుతో ఊరించే శాస్టా డైసీని వదిలేయండి. అది చల్లటి చోటి మొక్క. హార్స్‌లీ కొండ మీదైతే ఏమోగానీ, తిరుపతిలో వేసవి దాటించడం కష్టం. ఇక్కడి ఎండకు, ఎర్రమట్టికి సరిపోయేది డైసీ కుటుంబానికే చెందిన గైలార్డియా. ఇందులో ఎక్కువగా దొరికేవి రెండు రకాలు. దండల కోసం రైతులు వేసే పుల్చెల్లా ఏడాదిలోపే అయిపోతుంది. గ్రాండిఫ్లోరా రకం రెండు మూడేళ్లు ఉంటుంది. కొనేటప్పుడు పేరు అడిగి మరీ తీసుకోండి.

మడిని నేలకంటే జానెడు ఎత్తు లేపండి. కుండీకైతే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, అర పాలు బాగా మాగిన పశువుల ఎరువు చాలు. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోకుండా పెంకు ముక్క పెట్టండి. ఎరువు ఎక్కువేస్తే ఈ మొక్క పాడవుతుంది. యూరియా తగిలితే ఆకు గుబురుగా పెరిగి, కాడలు వాలిపోతాయి, పూలు తగ్గుతాయి.

విత్తనానికి వెలుతురు కావాలి. లోతుగా పాతొద్దు, పైన ఇసుక పలచగా చల్లితే చాలు. తడి ఆరకుండా చూస్తే వారం, రెండు వారాల్లో మొలుస్తుంది. జూన్, జూలైలో నారు పోస్తే వానల నాటికి మొక్క బలపడుతుంది. నాలుగైదు ఆకులు రాగానే అడుగు ఎడంతో నాటండి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. వేళ్లూనాక పైమట్టి వేలెడు లోతు ఆరితేనే నీళ్లు పోయాలి, అదీ మొక్క మొదలు దగ్గరే. సాయంత్రం ఆకుల మీద చిలకరిస్తే ఆకుమచ్చ తెగులు వస్తుంది.

పూత ఆగకుండా ఉండటం వాడిన పూలు తీయడం మీదే ఆధారపడుతుంది. రేకులు రాలాక మిగిలే గుండ్రటి బంతి చూడటానికి ముద్దుగానే ఉంటుంది, కానీ లోపల గింజ కడుతుంది. గింజ కట్టిన మొక్క పూత తగ్గిస్తుంది. పూవును మాత్రమే గిల్లితే మోడు కాడ నిలబడిపోతుంది, కింద మొదటి ఆకు దాకా కత్తిరించండి. వేసవి చివర్లో మొక్క గుబురు చెడి సాగితే మూడో వంతు కోసేయండి, తొలి వానలకు కొత్త చిగురు వేస్తుంది. రెండేళ్లకోసారి పిలకలు విడదీసి నాటకపోతే నడిమధ్య ఎండిపోతుంది.

కాడ చివర్లలో పేనుబంక కనిపిస్తే గట్టిగా నీళ్లు కొట్టి, మర్నాడు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి చల్లండి. రేకులు ఆకుపచ్చగా, ఆకుల్లా మారితే మాత్రం మందు పని చేయదు. రసం పీల్చే పురుగులు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి తెగులది. మొక్కను వేళ్లతో సహా పీకేయండి.

జెర్బెరా కూడా ఏళ్ల తరబడి పూసేదే, కాకపోతే సగం నీడ వల కావాలి. దాని మొదలు, అంటే ఆకులన్నీ పుట్టే గుబ్బ, మట్టి పైకే ఉండాలి. పూడితే కుళ్లుతుంది. బోరునీళ్లలో సున్నం ఎక్కువైతే లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. అది ఇనుము అందకపోవడం. వాననీళ్లు పట్టి పోయండి, తగ్గకపోతే మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము, అంటే కీలేటెడ్ ఐరన్ వేయండి.

చామంతి సంగతి వేరు. రాత్రి పొడుగైతేనే మొగ్గ తొడుగుతుంది. గోడ పక్కన వీధిదీపం రాత్రంతా వెలుగుతుంటే ఎన్నాళ్లు చూసినా ఆకులే. మీ ఇంటి ముందు దీపం ఉంటే కుండీని పెరటివైపు మార్చండి.